స్క్విబ్ లోడ్

స్క్విబ్ లోడ్ అంటే తూటాలో మందు లేకపోవడం, చాలకపోవడం లేదా సరిగా మండకపోవడం వల్ల బుల్లెట్ బయటికి రాకుండా తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుపోయే లోపం. మందు అసలు పడని తూటాలోనూ మందును అంటించే ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను గొట్టంలోకి నెట్టగలదు. చేత్తో నింపిన తూటాల్లో ఈ లోపానికి అవకాశం ఎక్కువ.

శబ్దం మందంగా రావడం, వెనుకకు తన్నే బలం తగ్గడం, లక్ష్యంపై కొత్త రంధ్రం పడకపోవడం దీని గుర్తులు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో స్లైడ్ తరచుగా పూర్తిగా వెనక్కి జరగక ఆగిపోతుంది. రివాల్వర్‌లో ఆ అడ్డు కూడా ఉండదు. ట్రిగ్గర్ లాగితే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా సిద్ధమవుతుంది, కాబట్టి ప్రమాదం అక్కడే తీవ్రం. మూసుకుపోయిన గొట్టంలో మళ్లీ పేలిస్తే పీడనానికి గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది.

షూటింగ్ రేంజ్‌లో అనుమానం కలగగానే కాల్పులు ఆపి, గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు వేచి ఉండటం పద్ధతి. మందు ఆలస్యంగా అంటుకునే హ్యాంగ్‌ఫైర్‌కూ ఇదే జాగ్రత్త. తర్వాతే తూటాలు తీసి, ఛాంబర్ ఖాళీ అని నిర్ధారించుకుని గొట్టాన్ని పరిశీలిస్తారు.

1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో ‘ది క్రో’ చిత్రీకరణలో నటుడు బ్రాండన్ లీ మరణానికి ఇలాంటి అవరోధమే కారణం. మందు లేని డమ్మీ తూటా నుంచి ఊడి గొట్టంలో మిగిలిన బుల్లెట్‌ను తర్వాత పేల్చిన, బుల్లెట్ లేని బ్లాంక్ తూటా బయటికి తోసింది.