బాయి మీద ఒక ఓటు, బస్తీలో ఒక ఓటు

2023 డిసెంబరు 27. ఇంకా తెల్లారలేదు. గోదావరిఖని మెయిన్ చౌరస్తాలో మఫ్లరు బిగించుకుని నిలబడ్డారు మీరు. గోదావరి మీది మంచు రోడ్డును కమ్మేసింది. దూరంగా ఎన్టీపీసీ పొగగొట్టాల దీపాలు మాత్రం కనిపిస్తున్నాయి. టిఫిన్ డబ్బాలు తగిలించుకున్న బండ్లు ఒక్కొక్కటే బొగ్గు బాయి దారి పడుతున్నాయి. వాటి వెంటే మీరూ కదిలారు.

గేటు అవతల సంఘాల షామియానాలు, రంగురంగుల జెండాలు. నాయకులు చేతులు జోడించి నిలబడ్డారు. "అన్నా, యాదుంచుకో" అని ఒకరు, "కాకా, ఈసారి మనకే" అని ఇంకొకరు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు మొఖాలతోనే లైనులో నిలబడ్డారు. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నిక ఇది. 11 ఏరియాల్లో దాదాపు 40 వేల మంది కార్మికులు, బ్యాలెట్ మీద 13 సంఘాలు. రహస్య ఓటుతో ఇలా సంఘాన్ని ఎన్నుకోవడం ఇక్కడ 1998 నుంచి ఉంది.

ముందున్నాయన చెయ్యి చూడండి. గోరు మీద సిరా గీత ఇంకా చెరగలేదు. సరిగ్గా 27 రోజుల కింద ఇదే చెయ్యి శాసనసభకు ఓటేసింది. రామగుండం కాంగ్రెస్ అభ్యర్థి మక్కాన్ సింగ్ రాజ్ ఠాకూర్‌ను 56 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించింది.

లైను నెమ్మదిగా జరుగుతోంది. ఈలోపు గోదావరిఖని ఉన్న ఈ నియోజకవర్గం కథ తలచుకోవచ్చు. 2009 దాకా రామగుండం పేరుతో అసెంబ్లీ సీటే లేదు. మేడారం అనే ఎస్సీ రిజర్వుడు స్థానంలో కలిసి ఉండేది. (సమ్మక్క జాతర జరిగే మేడారం వేరు, ఇది ధర్మారం దగ్గరిది.) 2004లో కొప్పుల ఈశ్వర్ గెలిచింది అక్కడే. పునర్విభజన తర్వాత జనరల్ సీటుగా రామగుండం పుట్టింది. మొదటి ఎన్నికలోనే ఏ పార్టీ జెండా లేకుండా సోమారపు సత్యనారాయణ గెలిచారు. 2014లో ఆయనే టీఆర్ఎస్ నుంచి మళ్లీ గెలిచారు. అప్పుడు రెండు వేల పైచిలుకు ఓట్లతో ఓడిన కోరుకంటి చందర్, 2018లో ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద నిలబడి అదే సోమారపును పాతిక వేలకు పైగా తేడాతో ఓడించారు. రాష్ట్రమంతా టీఆర్ఎస్ కారు దూసుకుపోయిన ఏడాది అది! తర్వాత ఆయన టీఆర్ఎస్‌లో చేరారు. 2023లో, బీఆర్ఎస్‌గా పేరు మారిన అదే పార్టీ అభ్యర్థిగా ఓడారు.

నాలుగు ఎన్నికల్లో నాలుగు రకాల గుర్తులు. ఇంగ్లండులో బోల్సోవర్ అనే ఒకప్పటి బొగ్గు ప్రాంతం ఉంది. గని కార్మికుడు డెన్నిస్ స్కిన్నర్‌ను 1970 నుంచి 2019 దాకా లేబర్ పార్టీ తరఫునే పార్లమెంటుకు పంపింది. గోదావరిఖని అలా ఎవరికీ కట్టుబడి లేదు. ఇది నిలకడ లేనితనమని నేననుకోను. కార్మికుడు రెండు చోట్ల రెండు లెక్కలు వేస్తాడు. 2017లో టీఆర్ఎస్‌కు అనుబంధమైన టీబీజీకేఎస్‌ 11 ఏరియాల్లో 9 గెలిచింది. మరుసటి ఏడాదే రామగుండంలో టీఆర్ఎస్ అభ్యర్థి ఓడిపోయాడు.

బాయి లెక్క ప్రాణంతో ముడిపడింది. 2003 జూన్ 16న ఇక్కడి 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. పైకప్పు సరిగా లేదని, నీళ్లు ఊరుతున్నాయని అధికారి ముందు నిలబడి చెప్పేవాడు కావాలి. అందుకే సంఘం తరఫు పిట్ సెక్రటరీ ఎవరన్నది ఎమ్మెల్యే ఎవరన్నదానికంటే దగ్గరి సంగతి.

పార్లమెంటు ఓటు మాత్రం పాత చుట్టరికాన్ని పూర్తిగా వదల్లేదు. పెద్దపల్లి నుంచి 'కాకా' జి.వెంకటస్వామి 1989, 1991, 1996, 2004లో గెలిచారు. కొడుకు వివేక్ 2009లో, మనవడు వంశీకృష్ణ 2024లో గెలిచారు.

ఆ రోజు సాయంత్రం అయిదుకు పోలింగ్ ముగిసింది. రాత్రి లెక్కింపు కేంద్రం బయట చలిమంటల చుట్టూ జనం. ఒక్కో ఏరియా ఫలితం ఫోన్లలో వస్తుంటే కేకలు. రామగుండం-1, రామగుండం-2 ఏరియాలు సీపీఐ సంఘం ఏఐటీయూసీవి. సంస్థ మొత్తానికీ గుర్తింపు ఏఐటీయూసీకే దక్కింది. శాసనసభ ఎన్నికల్లో సీపీఐ, కాంగ్రెస్ పొత్తులో ఉన్నా, బాయి మీద ఎర్రజెండాకు ఎదురు నిలిచింది కాంగ్రెస్ సంఘం ఐఎన్‌టీయూసీయే. 27 రోజుల కింద చెయ్యి గుర్తును గెలిపించిన ఊరు ఇక్కడ ఆ సంఘాన్ని పక్కన పెట్టింది.

మంటకు కాస్త ఎడంగా నిలబడ్డ కుర్రవాళ్లను చూశారా? వాళ్లు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కార్మికులు. వాళ్ల మొఖాల మీదా ఇదే బొగ్గు. నవంబరులో ఓటేశారు, ఈ రోజు వెయ్యలేదు. ఈ ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంటు కార్మికులు 40 వేలకు తగ్గితే, ఆ ఖాళీలో పని చేస్తున్నది వీళ్లే. 2022 సెప్టెంబరులో 18 రోజులు సమ్మె చేశారు. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వస్తే, దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు వచ్చాయి. అదే మొదటిసారి అని గొప్పగా చెప్పారు.

రామగుండం ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి పనికొచ్చిన ఆ ఓటు, తాను దిగే గనిలో తన సంఘాన్ని ఎన్నుకోవడానికి ఎందుకు పనికిరాదు? వచ్చే గుర్తింపు ఎన్నికల్లో ఆ 25 వేల మందినీ ఈ లైనులో నిలబెట్టాలి.