తేరు, గడియారము, సన్నరంపము



నేను వ్రాసికొను బల్లమీద జేనెడు ఎత్తుగల కొయ్యగడియారమొకటి యున్నది. తిరుపతి చేరువనొక వడ్రంగి పెరటిలో దానిని కొంటిని. దాని రూపము తేరు. క్రింద చక్రములు, నడుమ మండపము, పైన కలశము, అంతయు ఒకే పలకలో సన్నరంపముతో కోసి తీసినది. దేవుడు వేంచేయవలసిన చోట అంకెల పలక యున్నది. మా యూరి పెద్దయొకరు దానిని చూచి, "దేవుని దింపి ముండ్లను ఎక్కించినారే!" అనిరి. అందరము నవ్వితిమి. కాని ఆ మాటను విప్పిచూచినచో మన చిత్తూరు సీమ వడ్రంగుల చరిత్ర కొంత బయటపడును. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ముందుగా ఒక చిన్న ముచ్చట. ఇంగ్లీషువారు మన తేరును "కారు" అనిరి. మోటారుబండి పుట్టకమునుపే దొరతనపు కాగితములలో రథోత్సవము "కారు ఫెస్టివల్" అయినది. తిరుపతిలో కారు వీధి యను పేరు ఇప్పటికిని వినబడుచున్నది. కావున ఎవరైనను అంగడికి పోయి "కారు బొమ్మ గల గడియారము" అడిగినచో, అంగడివాడు మోటారును చూపవలయునా, తేరును చూపవలయునా? నేను కొన్నచోట రెండును ఉండెను. పిల్లలు మోటారునే కోరుచున్నారని ఆ వడ్రంగి చెప్పెను.

తిరుమలలో ఉత్సవముల ప్రాచీనతకు శాసనములే సాక్ష్యము. క్రీ.శ. 966లో సామవై యను పల్లవరాణి వెండి విగ్రహమును సమర్పించి, ఉత్సవములు జరుగుటకు భూమి నిచ్చెను. నేడు బ్రహ్మోత్సవములందు ఎనిమిదవనాడు రథోత్సవము జరుగును. మానసారమను శిల్పగ్రంథమున రథలక్షణమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. తేరు కట్టుట ఒక్కని పని కాదు. కమ్మరి ఇనుపపట్టీలు వేయవలయును. వడ్రంగి ఇరుసులు, చీలలు, అంతస్తులు కూర్పవలయును. దారుశిల్పి పలకలమీద దేవతలను, యాళీలను, గుఱ్ఱములను చెక్కవలయును. దక్షిణదేశమున ఇందుకు ఇప్పకొయ్యను, టేకును వాడుట వాడుక. చక్రములు నిండుకొయ్యవి, ఆకులు లేనివి. తేరు పరుగెత్తకుండ చక్రముల క్రింద చెక్కదిమ్మలు వేసి నిలుపువారు ప్రాణములకు తెగించినవారే. ఇటీవలి కాలమున తిరుచిరాపల్లిలోని భెల్ కర్మాగారము దేవాలయముల తేర్లకు ఇనుపచక్రములు చేసి యిచ్చుచున్నది. అందువలన ప్రమాదములు తగ్గినవి. వడ్రంగికి పనియు తగ్గినది.

ఆ పనివారు బ్రతికినది కూలిమీద కాదు. ఆలయముల క్రింద, కార్వేటినగరము, కాళహస్తి వంటి సంస్థానముల నీడలో మాన్యములమీద బ్రతికిరి. మద్రాసు ప్రభుత్వము 1858లో ఇనాము కమిషనును నియమించి మాన్యములన్నిటి హక్కులను విచారించినది. జమీందారీలు 1948 నాటి చట్టముతోను, ఆంధ్రప్రాంతపు ఇనాములు 1956 నాటి చట్టముతోను రద్దయినవి. ఆ చట్టములు దున్నువానికి మేలు చేసినవనుటలో నాకు సందేహము లేదు. అయినను ఉలిపట్టినవాని కొలువు ఆ మాన్యముతోపాటే ఊడిపోయెనని కూడ చెప్పవలయును. పదేండ్లకో ఇరువదేండ్లకో ఒకసారి వచ్చు తేరుపనికై ఏ వడ్రంగి కూర్చుండి యుండగలడు?

ఇక గడియారము సంగతి. ఆ మాటయే గడియనుండి పుట్టినది. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిలో తేల్చి, అది నిండి మునుగుటకు పట్టు కాలమును గడియ యనిరి. అది యిరువదినాలుగు నిమిషములు; దినమునకు అరువది గడియలు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క సూర్యోదయము, ఒక్కొక్క లెక్క. మద్రాసులో 1792లో కట్టిన నక్షత్రశాల వేళ తరువాత రైళ్ళకు ఆధారమైనది. 1906 జనవరి 1 నుండి దేశమంతటికిని ఒకే కాలమానము ఏర్పడగా, మద్రాసువేళ ననుసరించినవారు తమ ముండ్లను రమారమి తొమ్మిది నిమిషములు ముందునకు త్రిప్పుకొనవలసివచ్చెను. ఆ కొత్త లెక్కకు ఆధారమైన రేఖ మన కాకినాడ చేరువనే పోవుచున్నది. పంచాంగమువారు మాత్రము నేటికిని గడియలను విడువలేదు, వారిది న్యాయమే.

తిరుపతి వడ్రంగి పెద్ద తేరును విడిచి చిన్నబొమ్మకు వచ్చుట ఒక్కనాడు జరిగినది కాదు. అతనికి ముందునుండియే ఒక చిన్నపని యుండెను: ఎఱ్ఱచందనపు జంటబొమ్మలు. రాజు రాణి యనియు, మరపాచి బొమ్మలనియు వీనిని పిలుతురు. పెండ్లికూతురికి పుట్టింటివారు ఇత్తురు. దసరా కొలువులో ఇవి ముందు నిలుచును. పసిబిడ్డకు ఒంటిమీద పొక్కులు వచ్చినప్పుడు ఆ బొమ్మనే సానమీద అరగదీసి పూసిన అవ్వలు మీలో చాలమందికి జ్ఞాపకముందురు. 1843 నుండి మహంతుల చేతిలో నున్న దేవస్థానము 1933లో పాలకమండలి క్రిందికి వచ్చినది. 1944లో మొదటి ఘాటురోడ్డు తెరచిరి. అంతకుముందు మెట్లెక్కియో డోలీలోనో పోయిన కొండకు మోటారులు ఎక్కసాగినవి. యాత్రికుడు పెరిగినాడు, వానికి తిరుగుప్రయాణమున సంచిలో పట్టు వస్తువు కావలసివచ్చెను. ఏర్పేడు చేరువనున్న మాధవమాల వంటి గ్రామములలో కొయ్యపనియే జీవనమైనది. దేవస్థానమువారు 1960లో స్థాపించిన శిల్పకళాశాలలో దారుశిల్పమును కూడ నేర్పుచున్నారు.

సన్నరంపము మాత్రము మన పాతపనిముట్టు కాదు. బాడిస, ఉలి, చిత్రికలతో పెరిగిన చేతికి ఇది పరదేశపు చుట్టము. ఐరోపాలో పొదుగుడుపనివారు వాడినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర అమెరికాలో ఇంటింట కాలితో త్రొక్కి నడపు రంపపుయంత్రములు ఉండెడివట. పని యెట్లు జరుగునో ఆ పెరటిలో కూర్చుండి చూచితిని. బొమ్మ గీసిన కాగితమును పలకపై అంటించును. లోపల తీయవలసిన ప్రతి ఖాళీయందును బరమాతో చిల్లు పెట్టి, నూలుపోగువంటి బ్లేడును అందులో దూర్చి, చట్రమునకు బిగించును. బ్లేడు నిలువుగా పైకి క్రిందికి ఆడుచుండును. దానిని త్రిప్పరు, కొయ్యనే త్రిప్పుదురు. లోపలి ఖాళీలన్నియు తీసిన పిమ్మటనే వెలుపలి గీత. ముందే వెలుపల కోసినచో పట్టుకొనుటకు కొయ్య మిగులదు, సన్నని భాగములు విరుగును. కొయ్య నార పోవు దిక్కునుబట్టి బొమ్మను అమర్చవలయును. నారకు అడ్డముగా వచ్చిన సన్నకాడ వ్రేలితో తాకినను తెగును.

తేరుచక్రమునకు ఆకులు పెట్టితివేమని అడిగితిని. నిండుచక్రము పెట్టినచో రంపమునకు పనియేమి, చూచువానికి అందమేమి అని యతని సమాధానము. అదియు నిజమేనని తలచి ఊరకుంటిని.

అంకెల పలక వెనుకనుండు యంత్రము మాత్రము అతనిది కాదు, బయటినుండి కొనునది. అందులోని స్ఫటికపు ముక్క సెకనుకు 32,768 మారులు కంపించునట. ఆ యంత్రపు కాడ పొట్టిది. పలక అంతకంటె మందమైనచో ముండ్లు తగులుకొనవు. కావున ఆ కాడ చెప్పినంత మందమే పలకకు. తాతలు చేతిలెక్కతో తేరును కట్టిరి. మనుమడు పెట్టెలో వచ్చిన యంత్రపు కొలతకు తేరును కోయుచున్నాడు. దీనిని చూచి కళ చెడిపోయినదని కొందఱందురు. నేనట్లు అనను. పని చిన్నదైనది, చేయి చెడలేదు.

చెడినది వేఱొకటి యున్నది. ఈ పలక ఎఱ్ఱచందనమా అని అడుగగా, "అంత భాగ్యమా సామీ! ఇది టేకు. రంగు పూసినాను" అనెను. ఎఱ్ఱచందనము శేషాచలము, పాలకొండలు, వెలికొండలు మొదలైన యీ తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప లోకమున మఱెచ్చటను సహజముగా పెరుగదు. దాని చేవ నీట మునుగునంత బరువు. సుగంధము లేదు, ఆ పేరు విని మంచిగంధమని భ్రమపడువారు పలువురు. ఐరోపావారు అద్దకపు రంగునకై కొనిరి. 1856 తరువాత కృత్రిమపు రంగులు రాగా ఆ గిరాకి సన్నగిల్లెను. పిమ్మట చీనావారు మేజాలకును, జపానువారు షామిసెన్ అను మూడుతంత్రుల వాద్యపు దండమునకును కోరిరి. 1995లో అంతర్జాతీయ ఒడంబడికక్రింద దాని వ్యాపారమునకు కట్టుబాటు వచ్చినది. అనుమతిపత్రము లేక దుంగ కదలరాదు. అయినను దొంగతనముగా దుంగలు కదలుచునే యున్నవి. 2015 ఏప్రిల్ 7న శేషాచలపు అడవిలో పోలీసుల కాల్పులకు తమిళదేశమునుండి వచ్చిన యిరువదిమంది మడిసిరి. వారిలో కొనువాడు ఒక్కడును లేడు. చెట్టు నరుకుటకు వచ్చినారనబడిన కూలివారే. అడవికి కాపు వలదనువాడను కాను. కాని, ఓడలకొలది దుంగలను ఆశించువానిని, జానెడు ముక్కతో జంటబొమ్మ చెక్కువానిని ఒకే కన్నుతో చూచినచో, పెండ్లిలో ఇచ్చుటకు మన ఆడపిల్లలకు రంగుపూసిన బొమ్మయే మిగులును.

బేరము కుదిరిన పిమ్మట అతడు గడియారమునకు బ్యాటరీ వేసి, రేడియోలో వార్తలవేళ చెప్పగానే ముల్లు సరిచేసి యిచ్చెను. అప్పుడు చూచితిని: అతడు రంపమును బిగించుకొని కూర్చున్న దిమ్మ మామూలు దిమ్మ కాదు. ఒక ప్రక్క వాలుగా చెక్కి, నూనెతో నల్లబారి, అంచులు నలిగిపోయి యున్నది. ఏమని అడిగితిని. "మా తాత తేరు నిలిపిన దిమ్మ సామీ. ఊరక పడియుండె, పీటగా వేసికొంటిని" అనెను.