గుర్రాల అంగడి, కామాటీల నేల

కామాటిపుర అనగానే మన ఊళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. బతుకుతెరువుకు బొంబాయి వచ్చి అక్కడే స్థిరపడ్డ తెలుగువాడిగా, ఆ పేరు వెనకున్న మరో చరిత్ర మీకు చెప్పాలి. మా గల్లీలకు దగ్గర్లోనే, భైకల్లా, భేండీ బజారు వైపు, పంతొమ్మిదో శతాబ్దమంతా అరబ్బు గుర్రాల బేరం జోరుగా సాగింది.

ముందు నేల సంగతి. బొంబాయి మొదట ఏడు దీవులు. వర్లీ దగ్గరి గండి గుండా పోటు నీళ్లు లోపలికొచ్చి పల్లాలన్నీ బురదగా ఉండేవి. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తయ్యాక ఆ గండి మూసుకుంది, నేల ఆరడం మొదలైంది. ఆ తర్వాత ఇక్కడ మట్టి మోసి, రాయి కొట్టి, రోడ్లు వేసి, ఇళ్లు కట్టిన కూలీల్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన మనవాళ్లు ఎందరో. వాళ్లను కామాటీలన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపుర.

గుర్రాలు సముద్రం మీద వచ్చేవి. బస్రా, కువైట్ రేవుల్లో ఓడలెక్కించి, వానలు వెనకబట్టాక బొంబాయిలో దించేవారు. ఫౌజు దొరలు, సంస్థానాధీశులు, పందేలరాయుళ్లు అరబ్బు వర్తకుల లాయాలకు వచ్చి బేరమాడేవారు. ఇంగ్లండులోని పేరుమోసిన క్రాబెట్ గుర్రపుశాలకు సైతం 1880ల్లో అబ్దుర్ రహమాన్ మిన్నీ అనే బొంబాయి వర్తకుడి గుర్రాలు వెళ్లాయి.

పందెపు గుర్రాన్ని కొనడం కంటితో అయ్యే పని కాదు. ముందు నోరు తెరిపించి ముందుపళ్లు చూస్తారు. పంటి మీది నల్లటి గుంట అరిగేకొద్దీ వయసు ముదిరినట్టు. తర్వాత మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో తడుముతూ దిగుతారు. వెనక నరం వేడిగా ఉన్నా, ఉబ్బినా ఆ కాలు పరుగుకు నిలవదు. ఆపైన గట్టి నేల మీద దుడుకు నడక నడిపిస్తారు. ముందుకాలు నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు మోపినప్పుడు తల ఎగరేస్తుంది. చివరికి కాసేపు పరుగెత్తించి, ఊపిరిలో గురక ఉందేమో చెవొగ్గి వింటారు. ఇవన్నీ తేలాకే ధర మాట.

పందేలు మొదట భైకల్లాలోనే జరిగేవి. బొంబాయి టర్ఫ్ క్లబ్ 1802లో పుట్టింది. 1883లో పందేలు మహాలక్ష్మికి మారాయి. ఆ మైదానం కూడా వెల్లార్డ్ కట్ట వల్ల తేలిన పల్లపు నేలే. నగరం రోజువారీ బతుకూ గుర్రాల మీదే నడిచింది. 1874 మే 9న గుర్రపు ట్రాములు మొదలయ్యాయి. ట్రాము కంపెనీ లాయంలో 900 గుర్రాలుండేవి. 1907లో కరెంటు ట్రాము వచ్చింది. చివరికి 2015లో సరదా షికార్లకు తిప్పే విక్టోరియా గుర్రపు బగ్గీలు చట్టవిరుద్ధమని బొంబాయి హైకోర్టు తీర్పిచ్చింది.

ఇప్పుడు పందెపు గుర్రం కావాలంటే మహాలక్ష్మిలో రెండేళ్ల గుర్రపు పిల్లల వేలానికి వెళ్లాలి. కాఠియావాడీ, మార్వాడీ గుర్రాలకైతే నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడా జాతర. వేలానికొచ్చే ప్రతి పిల్లకూ తల్లి ఎవరు, తండ్రి ఎవరు అనేది స్టడ్ బుక్కులో రాసి ఉంటుంది. ఆ గుర్రాలు పరుగెత్తే నగరానికి నేల సిద్ధం చేసిన కామాటీల్లో చాలామంది పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

కామాటిపురను పడగొట్టి కొత్తగా కట్టే పథకం సిద్ధమవుతోంది. పాత చాళ్లు, ఆ వరుస గదుల ఇళ్లు పోతే, వాటిలోని జ్ఞాపకాలూ చెదిరిపోతాయి. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్‌లలో ఉన్న మీకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో బొంబాయి వెళ్లిన తాత ఉంటే, ఆయన పేరు, ఏ గల్లీలో ఉన్నాడు, ఏ పని చేశాడు అన్నవి పెద్దలను అడిగి ఈ ఏడే రాసిపెట్టండి. పాత మనియార్డర్ రసీదులు, ఉత్తరాలు ఉంటే పారేయకండి. కామాటిపుర పేరును మన పిల్లలు తలెత్తుకుని చెప్పడానికి ఆ కాగితాలే ఆధారం.