పాకిస్తాన్‌పై అమెరికా విధానం: అవసరం ఉన్నంతసేపు దోస్తీ, తీరాక ఆంక్షలు

2004లో పాకిస్తాన్‌ను ‘నాటోయేతర ప్రధాన మిత్రదేశం’గా ప్రకటించింది అమెరికానే. 2018లో అదే దేశానికి భద్రతా సాయం ఆపేసిందీ అమెరికానే. 2025 జూన్‌లో ఆ దేశ ఆర్మీ చీఫ్ ఆసిమ్ మునీర్‌ను వైట్‌హౌస్‌కు పిలిచి లంచ్ పెట్టిందీ అమెరికానే.

ఈ ఇరవై ఏళ్లలో పాకిస్తాన్ ఒకపక్క వాయవ్య సరిహద్దులో తెహ్రీకే తాలిబాన్ పాకిస్తాన్ (టీటీపీ)తో, మరోపక్క బలూచిస్తాన్‌లో వేర్పాటువాద సాయుధ గ్రూపులతో పోరాడుతూనే ఉంది. వేల మంది సామాన్యులు, సైనికులు, పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. మరి అమెరికా ఇచ్చిన వేల కోట్ల డాలర్లు, వేసిన వందల బాంబులు ఈ తిరుగుబాటును ఎందుకు ఆపలేకపోయాయి? జవాబు ఆ విధానం పుట్టుకలోనే ఉంది. వాషింగ్టన్ చూపు ఎప్పుడూ పాకిస్తాన్ మీద లేదు, దాని అవతల ఉన్న అఫ్గానిస్తాన్ మీదే ఉంది.

పాత కథ

రెండు దేశాల మధ్య సైనిక ఒప్పందం 1954లో కుదిరింది. సోవియట్ యూనియన్‌ను కట్టడి చేయడానికి అమెరికాకు ఆసియాలో మిత్రులు కావాలి. భారత్‌తో పోటీ పడటానికి పాకిస్తాన్‌కు ఆయుధాలు కావాలి. ఇద్దరి అవసరాలూ వేరు. గొడవ అక్కడే మొదలైంది. 1965 యుద్ధం రాగానే అమెరికా రెండు దేశాలకూ ఆయుధాల సరఫరా ఆపేసింది.

అణు కార్యక్రమం కారణంగా 1979 ఏప్రిల్‌లో కార్టర్ ప్రభుత్వం పాకిస్తాన్‌కు సాయం నిలిపేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వచ్చాయి. దాంతో లెక్క మారిపోయింది. 1981లో రీగన్ ప్రభుత్వం 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చింది, ఎఫ్-16 విమానాలూ అమ్మింది. అణు కార్యక్రమం ఆగలేదు, కానీ దాన్ని చూసీ చూడనట్టు వదిలేశారు.

1989లో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. 1990లో ప్రెస్లర్ సవరణ కింద అమెరికా సాయం మళ్లీ ఆపేసింది. పాకిస్తాన్ డబ్బు కట్టిన ఎఫ్-16లు కూడా అమెరికాలోనే ఉండిపోయాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు తయారైంది వ్యవహారం. పాకిస్తాన్ సైన్యం ఈ అనుభవాన్ని మర్చిపోలేదు. అమెరికా ఎప్పుడైనా వదిలేసి పోతుంది, మన ఏర్పాట్లు మనం చేసుకోవాలన్న అభిప్రాయం అక్కడ గట్టిపడింది.

9/11 తర్వాత తిరుగుబాటు

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జనరల్ ముషారఫ్ అమెరికా వైపు నిలబడ్డారు. 1998 అణు పరీక్షలు, 1999 సైనిక కుట్ర తర్వాత పడిన ఆంక్షలు తొలగిపోయాయి. కరాచీ రేవు నుంచి తోర్ఖమ్, చమన్ సరిహద్దుల మీదుగా నాటో సరుకు లారీలు కదిలాయి.

అఫ్గానిస్తాన్ నుంచి తప్పించుకున్న అల్ ఖైదా, తాలిబాన్ ఫైటర్లు గిరిజన ప్రాంతాల్లో (ఫాటా) తలదాచుకున్నారు. వాళ్లను పట్టుకోవాలని అమెరికా ఒత్తిడి తెచ్చింది. 2002 నుంచి పాకిస్తాన్ సైన్యం ఆ కొండల్లోకి అడుగుపెట్టింది. ఈ ప్రాంతం అప్పటికీ 1901 నాటి బ్రిటిష్ చట్టం కిందే ఉంది. ఒకరు తప్పు చేస్తే తెగ మొత్తాన్ని శిక్షించే చట్టం అది. అలాంటి చోట సైనిక చర్యలు మొదలవడంతో కోపం రాజుకుంది.

2007 జూలైలో ఇస్లామాబాద్ లాల్ మసీదుపై సైనిక చర్య జరిగింది. ఆ డిసెంబర్‌లోనే బైతుల్లా మెహసూద్ నాయకత్వంలో టీటీపీ ఏర్పడింది. అమెరికా యుద్ధంలో చేరినందుకే పాకిస్తాన్ ప్రభుత్వంపై పోరాడుతున్నామని చెప్పుకుంది. కానీ దాని బాంబులకు ఎక్కువగా బలైంది మార్కెట్లలో, మసీదుల్లో, స్కూళ్లలో ఉన్న సాటి ముస్లింలే.

డ్రోన్ల లెక్క

పాకిస్తాన్‌లో మొదటి డ్రోన్ దాడి 2004 జూన్‌లో దక్షిణ వజీరిస్తాన్‌లో జరిగింది. మిలిటెంట్ నేత నేక్ మొహమ్మద్ చనిపోయాడు. అంతకు రెండు నెలల ముందే ఆయనతో పాకిస్తాన్ సైన్యం శాంతి ఒప్పందం చేసుకుంది. దాడి చేసింది మేమేనని సైన్యం మొదట చెప్పుకుంది. కొన్ని దాడులకు ఒప్పుకున్నట్టు ముషారఫ్ 2013లో అంగీకరించారు. అంటే బయట ఖండన, లోపల అనుమతి.

2018 వరకు 400కు పైగా దాడులు జరిగాయి. 2010లోనే వంద దాటాయి. బైతుల్లా మెహసూద్ సహా పెద్ద నాయకులు చాలామంది హతమయ్యారు. సామాన్యులు కూడా చనిపోయారు. 2011 మార్చి 17న ఉత్తర వజీరిస్తాన్‌లోని దత్తా ఖేల్‌లో గనుల తగాదా తీర్చడానికి కూర్చున్న జిర్గా (పెద్దల పంచాయితీ)పై క్షిపణులు పడి దాదాపు 40 మంది మరణించారు. 2013లో పెషావర్ హైకోర్టు డ్రోన్ దాడులు చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది.

డబ్బు ఎటు వెళ్లింది?

2018 జనవరి 1న ట్రంప్ ఒక ట్వీట్‌లో, 15 ఏళ్లలో పాకిస్తాన్‌కు 3,300 కోట్ల డాలర్లు ఇచ్చామని, బదులుగా అబద్ధాలు, మోసమే దక్కాయని విమర్శించారు. అయితే ఇందులో పెద్ద వాటా ‘కొయలిషన్ సపోర్ట్ ఫండ్’దే. అమెరికా యుద్ధానికి చేసిన ఖర్చు కింద పాకిస్తాన్ సైన్యానికి తిరిగి చెల్లించిన సొమ్ము అది. సాయం అంటే స్కూళ్లు, ఆస్పత్రులు అని అమెరికా పౌరుడు అనుకుంటే పొరపాటే.

పౌర ప్రభుత్వాన్ని బలపరచాలన్న ప్రయత్నం 2009లో కెర్రీ-లూగర్-బెర్మన్ చట్టంతో జరిగింది. ఏడాదికి 150 కోట్ల డాలర్ల చొప్పున ఐదేళ్లు ఇవ్వాలన్నది ప్లాన్. సైన్యంపై పౌర ప్రభుత్వ అజమాయిషీ ఉండాలన్న షరతులు పెట్టగానే పాకిస్తాన్ సైన్యం బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది.

2011: నమ్మకం పోయిన ఏడాది

జనవరిలో సీఐఏ కాంట్రాక్టర్ రేమండ్ డేవిస్ లాహోర్‌లో ఇద్దరిని కాల్చి చంపాడు. మే 2న అబోటాబాద్‌లో అమెరికా కమాండోలు పాకిస్తాన్‌కు చెప్పకుండానే వచ్చి బిన్ లాడెన్‌ను చంపారు. నవంబర్‌లో సలాలా చెక్‌పోస్టుపై నాటో వైమానిక దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు చనిపోయారు. ఏడు నెలలు నాటో సరఫరా దారులు మూతపడ్డాయి. హిల్లరీ క్లింటన్ విచారం వ్యక్తం చేశాకే అవి తెరుచుకున్నాయి.

అంతగా బయటికి కనిపించని నష్టం ఇంకొకటి. బిన్ లాడెన్ ఆచూకీ కోసం సీఐఏ ఒక డాక్టర్ చేత అబోటాబాద్‌లో హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం పెట్టించింది. ఈ సంగతి బయటపడ్డాక టీకాలంటేనే అనుమానం పెరిగింది. 2012లో ఉత్తర వజీరిస్తాన్ మిలిటెంట్లు, డ్రోన్ దాడులు ఆగేదాకా పోలియో చుక్కలు వేయనివ్వమని ప్రకటించారు. ఆ డిసెంబర్‌లో కరాచీ, పెషావర్ ప్రాంతాల్లో పోలియో కార్యకర్తలను కాల్చి చంపారు. వారిలో మహిళలే ఎక్కువ. టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని వైట్‌హౌస్ 2014లో హామీ ఇచ్చింది. కానీ అప్పటికే నమ్మకం పోయింది. వైల్డ్ పోలియో వైరస్ వ్యాప్తి ఆగని దేశాలు నేటికీ రెండే: పాకిస్తాన్, అఫ్గానిస్తాన్.

రెండు పడవల ప్రయాణం

తప్పంతా అమెరికాదే అనడం కూడా న్యాయం కాదు. పాకిస్తాన్ సైన్యం తనపై దాడి చేసే టీటీపీతో పోరాడుతూనే, అఫ్గాన్ తాలిబాన్‌కు, హక్కానీ నెట్‌వర్క్‌కు ఆశ్రయం ఇచ్చిందన్నది అమెరికా ఆరోపణ. అమెరికా సైనిక దళాల అధిపతి మైక్ మల్లెన్ 2011లో సెనేట్ ముందే ఈ మాట చెప్పారు.

2014 జూన్‌లో ‘జర్బే అజ్బ్’ ఆపరేషన్ మొదలైంది. ఆ డిసెంబర్ 16న పెషావర్ ఆర్మీ పబ్లిక్ స్కూల్‌పై టీటీపీ దాడిలో 130 మందికి పైగా పిల్లలు చనిపోయారు. దేశమంతా కదిలిపోయింది. తర్వాత కొన్నేళ్లు దాడులు బాగా తగ్గాయి. 2018లో ఫాటాను ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో కలిపారు.

2021 తర్వాత

2020 ఫిబ్రవరిలో దోహాలో అమెరికా, తాలిబాన్ ఒప్పందం కుదిరింది. అల్ ఖైదా వంటి సంస్థలు అఫ్గాన్ గడ్డ మీద నుంచి అమెరికాను, దాని మిత్రులను బెదిరించకూడదన్నది అందులో షరతు. 2021 ఆగస్టులో తాలిబాన్ కాబూల్‌ను చేజిక్కించుకున్నాక జైళ్ల నుంచి బయటపడిన టీటీపీ వాళ్లకు కొత్త ఊపిరి వచ్చింది. 2022 నవంబర్‌లో టీటీపీ కాల్పుల విరమణకు స్వస్తి చెప్పింది. 2023 జనవరిలో పెషావర్ పోలీస్ లైన్స్ మసీదులో జరిగిన పేలుడులో 80 మందికి పైగా మరణించారు. 2025 అక్టోబర్ నాటికి పాకిస్తాన్, అఫ్గాన్ సేనలే సరిహద్దులో నేరుగా తలపడ్డాయి.

అమెరికా మళ్లీ దగ్గరవుతోంది. కాబూల్ విమానాశ్రయం దాడి కేసులో నిందితుణ్ని పట్టించినందుకు 2025 మార్చిలో ట్రంప్ కాంగ్రెస్ ముందే పాకిస్తాన్‌కు థ్యాంక్స్ చెప్పారు. ఆగస్టులో బలూచిస్తాన్ లిబరేషన్ ఆర్మీని విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చారు.

ఈ దగ్గరితనాన్ని భారత్ జాగ్రత్తగా గమనిస్తోంది. 2022లో పాకిస్తాన్ ఎఫ్-16ల నిర్వహణకు అమెరికా 45 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు విదేశాంగ మంత్రి జైశంకర్ బహిరంగంగానే విమర్శించారు.

వజీరిస్తాన్‌లోనో, బలూచిస్తాన్‌లోనో ఉండే సామాన్యుడికి మాత్రం ఈ పెద్ద లెక్కలతో పనిలేదు. అతను అడిగేది కోర్టు, స్కూలు, ఆస్పత్రి, ఉద్యోగం, ప్రాణానికి భరోసా. డెబ్బై ఏళ్ల అమెరికా విధానంలో వీటికి దక్కిన చోటు చాలా చిన్నది. ఇస్లామాబాద్ విధానంలోనూ అంతకంటే పెద్ద చోటేమీ దక్కలేదు. తిరుగుబాటు ఇంకా బతికి ఉండటానికి ఇదే అసలు కారణం.