అడ్డుతెర వెనక

మా పెళ్లికి డెకరేషన్ వాళ్లని పిలవలేదు. అన్నీ ఇంట్లోనే చేసుకున్నాం. చేసుకున్నాం అంటున్నాను గానీ, చేసింది మా పెద్దమ్మ. తాంబూలం సంచులు కుట్టింది. కొబ్బరిబొండానికి పూసలూ చమ్కీలూ అద్దింది. అడ్డుతెర మీద చిలకల జంటని కుట్టింది. ఊళ్లో ఎవరి పెళ్లయినా ఇవన్నీ ఆవిడ చేతి పనే. ముహూర్తం వేళకి మాత్రం వంటింట్లోకి తప్పుకునేది. పెదనాన్న పోయారు కదా!

వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం గురించి మళ్లీ చదువుతుంటే పెద్దమ్మే గుర్తొచ్చింది. 1881 డిసెంబరు 11, రాజమండ్రి. వెలి భయంతో వంటవాళ్లు రాలేదు. రాజ్యలక్ష్మమ్మ గోదావరి నించి నీళ్లు మోసుకొచ్చి వంట చేసింది. అన్నీ సొంతంగా చేసుకునే పెళ్లి ఇప్పుడు ముచ్చట. అప్పుడది గతిలేక చేసుకున్నది. ఆయన సంస్కర్త, ఆమె సహధర్మచారిణి. ఆ నీళ్ల బిందెల్ని ఉద్యమం లెక్కలో ఎందుకు వెయ్యం?

ఇలాంటి ప్రశ్నలు సెమినార్లలో బాగానే అడుగుతాను. నా పెళ్లిరోజున వంటింటి గుమ్మం దాకా వెళ్లి పెద్దమ్మని రమ్మన్నాను. "వద్దులేవే, నలుగురూ ఏమనుకుంటారు" అంది. ఇంకోసారి అడగలేదు. ఆవిడ కుట్టిన సంచులు మా అత్తగారు పంచారు. మిగిలిన ఒక సంచిలో నా పెన్నులు పెట్టుకుంటున్నాను.