లెక్కకు ఆధారం ఏది?



ఒకే ఏకాదశిని ఒక పంచాంగం ఒకనాడు, వేరొక పంచాంగం మరునాడు చూపిన సందర్భాలు ఉన్నవి. అప్పుడు ఉపవాసం ఎన్నడుండవలెనని భక్తుడు కలవరపడుట సహజం. చంద్రుడొక్కడే, లెక్కలు రెండు! ఈ చిన్న సందేహం వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. గణితం సృష్టికే మూలాధారమా? లేక సృష్టిని వర్ణించుటకు మానవుడు కల్పించుకొన్న సాధనం మాత్రమేనా?

మన వాడరేవుకు అంత దూరం కాని పావులూరు పేరు గణిత చరిత్రలో నిలిచియున్నది. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా గల పావులూరి మల్లన తెలుగులో తొలి గణిత గ్రంథకర్త. ఆయన 11వ శతాబ్దివాడని కొందరు, 12వ శతాబ్దివాడని కొందరు పండితుల అభిప్రాయం. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణిత గ్రంథమును మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చెను. ముల్లోకములలో గణితమునకు వెలియైన వస్తువే లేదని మహావీరాచార్యుని భావం. ఆయన జైనుడు, మల్లన శివభక్తుడు. జైన ప్రసక్తులు శైవపరములైనవి గాని, లెక్కల ఫలితములు మారలేదు. మతమును బట్టి మారని సత్యమేదో లెక్కలో ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

అయితే తిథిని పరిశీలింపుడు. సూర్యచంద్రుల నడుమ ఎడం 12 భాగలు పెరిగినప్పుడెల్ల ఒక తిథి పూర్తియగును. 30 తిథులకు 360 భాగలు. ఆ ఎడం ఆకాశమున నిజముగా ఉన్నది; దానిని పన్నెండేసి చొప్పున పంచుకొన్నది మనము. పూర్ణిమ, అమావాస్యల వేళకు సముద్రపు పోటు హెచ్చునని తీరమున వలలు వేయువారికి భాగల లెక్క లేకయే తెలియును.

మన సీమలోనే మరొక నిదర్శనం కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించినది. నీడ ఏ వేళ ఏ దారిన సాగునో ముందే గణించియుండుటచేత ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్ సముద్రములు దాటి గుంటూరుకు వచ్చెను. చెప్పిన వేళకే చీకటి కమ్మినది. గణితమునకు ఇంతకన్న విజయమేమి? అయితే సూర్యబింబపు అంచున ఎగసిన కాంతులను వర్ణపటదర్శినితో పరిశీలించినవారికి ఒక పసుపు రేఖ కనిపించినది. అది హీలియం అను కొత్త మూలకమునకు ఆనవాలని తరువాత తేలినది. భూమిపై ఆ వాయువు 1895లో గాని చేజిక్కలేదు. నీడ ఎప్పుడు పడునో లెక్క చెప్పినది. వెలుగులో ఏమున్నదో కన్ను చూచి చెప్పవలసివచ్చినది.

కావున క్రమం సృష్టిది, లెక్క మనది. క్రమమే లేనిచో గ్రహణం వేళకు రాదు. లెక్కయే ఆ క్రమమైనచో రెండు పంచాంగములు విభేదింపవు. ఆ కాలముననే మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు, గణితం కంటికి సరిపడవలెనని దృగ్గణిత పంచాంగమును ప్రచురించిరి. లెక్కను దిద్దుకొనుట ఆకాశమును అవమానించుట కాదు, గౌరవించుటయే.

మీ పెద్దలు అనుసరించిన పంచాంగము ప్రకారం వ్రతం ఆచరింపుడు. పొరుగువాని ఏకాదశిని నిందింపకుడు. ఇరువురి ఉపవాసమును స్వీకరించు స్వామి ఒక్కడే.

స్వస్తి.