ఖిలాఫత్ సమస్య – గాంధీజీ విధానంపై చర్చ: గుంటూరు సీమ నుంచి ఒక పరిశీలన

పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమం గురించి మీకు కొంత తెలిసే ఉంటుంది. 1922 జనవరిలో బాపట్ల తాలూకాలోని ఆ ఫిర్కా రైతులు భూమి శిస్తు కట్టబోమని నిలబడ్డారు. కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శాంతిసేన ఏర్పడింది. జప్తు చేసిన సొత్తును వేలం వేస్తే పాట పాడేవారు దొరకలేదు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్న కథే. అయితే ఆ పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటిపోయే విషయం ఒకటి ఉంది. ఏ ప్రతిజ్ఞ ప్రకారం దేశమంతటా సహాయ నిరాకరణ సాగిందో, ఆ ప్రతిజ్ఞలో పేర్కొన్న అన్యాయాల్లో ఒకటి గుంటూరు జిల్లాకు గాని, మద్రాసు రాష్ట్రానికి గాని సంబంధించినది కాదు. అది టర్కీ సుల్తానుకు జరిగిన అన్యాయం.

పత్తి, మిరప పండే నల్లరేగడి పల్లెలకూ, ఇస్తాంబుల్‌లోని ఖలీఫాకూ ముడి ఎలా పడింది? ఆ ముడి వేసిన గాంధీజీని ఎవరు సమర్థించారు, ఎవరు తప్పుపట్టారు, ఎందుకు? ఈ వ్యాసం చదువుతున్నప్పుడు ఈ ప్రశ్నలను మనసులో ఉంచుకోండి.

వివాదం ఎక్కడ మొదలైంది

టర్కీ సుల్తాను ఒక సామ్రాజ్యానికి పాలకుడు మాత్రమే కాదు, సున్నీ ముస్లింలలో చాలామందికి ఖలీఫా కూడా. మక్కా, మదీనా, జెరూసలేం పుణ్యక్షేత్రాలు ఆయన ఏలుబడిలో ఉండేవి. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధంలో టర్కీ జర్మనీ పక్షాన చేరింది. బ్రిటిష్ సైన్యంలోని భారతీయ ముస్లిం సిపాయిలు తమ ఖలీఫా సైన్యంపైనే తుపాకి ఎత్తవలసి వచ్చింది. వారికి ధైర్యం చెప్పడానికి బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్ 1918 జనవరి 5న ఒక ప్రసంగంలో మాట ఇచ్చాడు. టర్కీ రాజధానిని గాని, ఆసియా మైనర్, థ్రేస్ ప్రాంతాలను గాని టర్కులకు కాకుండా చేయడం తమ ఉద్దేశం కాదన్నాడు. యుద్ధం ముగిశాక పరిస్థితి తారుమారైంది. 1920 ఆగస్టు 10న కుదిరిన సేవ్ర్ సంధి తూర్పు థ్రేస్‌ను గ్రీసుకు ఇచ్చింది. స్మిర్నా ప్రాంతాన్ని గ్రీకు పాలన కింద పెట్టింది. అరబ్బు దేశాలను టర్కీ నుంచి విడదీసింది.

ఈ సంధి షరతులు బయటికి రాకముందే భారతదేశంలో ఆందోళన మొదలైంది. 1919 నవంబరులో ఢిల్లీలో జరిగిన ఖిలాఫత్ మహాసభలో గాంధీజీ అధ్యక్షస్థానంలో కూర్చున్నారు. అక్కడ ఆయన తీసుకున్న ఒక వైఖరిని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఖిలాఫత్‌కు హిందువులు తోడ్పడితే, బదులుగా ముస్లింలు గోవధ మానాలనే ఆలోచన ఆ రోజుల్లో వినవచ్చింది. గాంధీజీ దీన్ని ఒప్పుకోలేదు. పొరుగువాడి కష్టంలో నిలబడటానికి బేరం పెట్టకూడదన్నది ఆయన వాదం. 1920 మార్చిలో మౌలానా మహమ్మద్ అలీ నాయకత్వంలో ఒక రాయబారం లండన్ వెళ్లి లాయిడ్ జార్జ్‌ను కలిసింది. ఫలితం లేకపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెసు ఖిలాఫత్, పంజాబు అన్యాయాలు సరిదిద్దేవరకు, స్వరాజ్యం స్థాపించేవరకు సహాయ నిరాకరణ సాగాలని తీర్మానించింది. అనుకూలంగా 1,886, ప్రతికూలంగా 884 ఓట్లు వచ్చాయి. అంటే వ్యతిరేకించినవారు కొద్దిమంది కారు.

తప్పుపట్టినవారి వాదనలు

గాంధీజీ విధానాన్ని వ్యతిరేకించినవారందరినీ ఒకే గాటన కట్టడం తరచుగా జరిగే పొరపాటు. మహమ్మద్ అలీ జిన్నా 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెసులో సహాయ నిరాకరణను ఎదిరించి, తర్వాత కాంగ్రెసుకు దూరమయ్యాడు. అతని అభ్యంతరం ముస్లింల కోరికపై కాదు, సామాన్య జనాన్ని మతం పేరిట, చట్టానికి బయట కదిలించే పద్ధతిపై. అనీ బిసెంట్ కూడా ఈ పద్ధతిని గట్టిగా విమర్శించింది. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా, ఒకప్పుడు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉన్న శంకరన్ నాయర్ 1922లో 'గాంధీ అండ్ అనార్కీ' అనే పుస్తకమే రాశాడు. అతని కోపానికి దగ్గరి కారణం 1921 ఆగస్టులో మలబారులో చెలరేగిన మాప్పిళ్ల తిరుగుబాటు. ఖిలాఫత్ ప్రచారం అక్కడ జమీందారులపై కౌలుదారుల పాతపగతో కలిసి హింసగా మారిందనీ, హిందువులు కూడా దానికి బలయ్యారనీ అతను వాదించాడు.

అన్నిటికంటె తీవ్రమైన దుమారం ఆఫ్ఘనిస్థాన్ విషయంలో లేచింది. ఆఫ్ఘన్ అమీరు బ్రిటిష్‌వారిపై దండెత్తితే భారతీయ ముస్లింలు ఎటు నిలుస్తారనే ప్రశ్నపై 1921లో మహమ్మద్ అలీ మద్రాసులో చేసిన ప్రసంగం వివాదమైంది. గాంధీజీ తమ 'యంగ్ ఇండియా' పత్రికలో దానికి సమాధానం రాస్తూ, ప్రజల విశ్వాసం కోల్పోయిన ప్రభుత్వానికి అలాంటి వేళ సహాయం చేయడం నేరమని బాహాటంగా చెబుతానన్నారు. ఒక రకంగా ఇది అమీరుకు తోడ్పడటమే కదా అన్నారు విమర్శకులు. మితవాదులు నివ్వెరపోయారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అహింసావాది ఒకరు పరాయి సేన రాకను గురించి ఇలా రాయడం తర్కానికి నిలుస్తుంది గాని, భయపడుతున్న మనిషికి ధైర్యం ఇవ్వదు.

సమర్థించేవారి వాదనలో అతి బలమైన అంశం లాయిడ్ జార్జ్ ఇచ్చిన మాటే. ప్రభుత్వం తన ప్రజల్లో ఒక వర్గానికి ఇచ్చిన మాట తప్పితే, మిగతా వర్గాలు అది తమ పని కాదని ఊరుకోవచ్చునా? ఈ ప్రశ్నకు విమర్శకులు సరైన జవాబు చెప్పలేదని నా అభిప్రాయం. బలహీనమైన అంశం కూడా ఉంది. మహమ్మద్ అలీ బృందం అరబ్బు గడ్డ ఖలీఫా అధికారం కిందే ఉండాలని కోరింది. కాని మక్కా షరీఫ్ హుస్సేన్ 1916లోనే సుల్తానుపై తిరగబడ్డాడు. స్వరాజ్యం మనకు కావాలి, అరబ్బులకు మాత్రం సుల్తాను ఏలుబడి ఉండాలి అనడంలోని పొంతనలేనితనాన్ని ఆనాడే కొందరు ఎత్తిచూపారు.

ఆంధ్రలో ఈ చర్చ తీసుకున్న రూపం

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అనే లక్ష్యాలు అక్కడే నిర్ణయమయ్యాయి. ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. చీరాల అప్పుడు గుంటూరు జిల్లాలోది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన పురపాలక సంఘ వ్యతిరేక పోరాటానికి కారణం పూర్తిగా స్థానికమైనది, ఇంటి పన్ను భారం. ఖలీఫాతో దానికి సంబంధం లేదు. స్థానికమైన కడుపుమంటా, దేశవ్యాప్తమైన ప్రతిజ్ఞా పక్కపక్కనే నడిచాయనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆ సెప్టెంబరులో గాంధీజీ, మహమ్మద్ అలీ కలిసి కలకత్తా నుంచి మద్రాసుకు రైలులో వస్తున్నారు. సెప్టెంబరు 14న వాల్తేరు స్టేషనులో పోలీసులు మహమ్మద్ అలీని అరెస్టు చేశారు. ముస్లింలు బ్రిటిష్ సైన్యంలో పనిచేయడం మతవిరుద్ధమని జూలైలో కరాచీ ఖిలాఫత్ సభ చేసిన తీర్మానం దానికి కారణం. ఆయనకు రెండేళ్ల శిక్ష పడింది. గాంధీజీ ప్రయాణం ఆపలేదు. వారం రోజుల తరువాత మదురైలో ఆయన కొల్లాయి గుడ్డకు మారారు.

ఇక మన ముఖ్య విషయానికి వద్దాం. 1921 నవంబరు మొదటి వారంలో ఢిల్లీలో కాంగ్రెసు సంఘం సామూహిక శాసనోల్లంఘనకు షరతులు పెట్టింది. ఒక జిల్లాను లేదా తాలూకాను యూనిట్‌గా తీసుకోవాలి. అక్కడి ప్రజల్లో ఎక్కువమంది ఆ ప్రాంతంలోనే వడికి నేసిన బట్ట కట్టాలి. హిందూ–ముస్లిం ఐక్యతను నమ్మాలి. ఖిలాఫత్, పంజాబు అన్యాయాలు సరిదిద్దుకోవడానికి, స్వరాజ్యానికి అహింస తప్పనిసరి అని నమ్మాలి. హిందువులైతే అంటరానితనాన్ని మచ్చగా భావించాలి.

ఈ కొలతతో గుంటూరును కొలిస్తే ఏమవుతుందో చూడండి. పత్తి మన చేలలోనే పండేది. మగ్గాలు చీరాలలో ఉన్నాయి. కాని ఆ మగ్గాలపై నడిచే నూలులో చాలాభాగం మిల్లు నూలు. పత్తికీ మగ్గానికీ మధ్య రాట్నం నిలబడాలి, రాట్నానికి ఏకులు కావాలి, ఏకులకు దూది ఏకాలి. మన పల్లెల్లో దూది ఏకడం నూర్‌బాషాల కులవృత్తి. వారు తెలుగు మాట్లాడే ముస్లింలు. ఖద్దరు షరతును, ఐక్యత షరతును కాగితంపై వేర్వేరు వరుసల్లో రాశారు గాని, పల్లెలో అవి రెండూ ఒకే ఇంటి గడపలో కలిసేవి. ఇక్కడి హిందూ–ముస్లిం సంబంధాలను కేవలం ఖలీఫా సమస్యతో అర్థం చేసుకోబోతే ఈ రోజువారీ సంగతి కంటికి కనబడదు.

1922 జనవరిలో గుంటూరు నాయకుడు కొండా వెంకటప్పయ్యకు గాంధీజీ లేఖ రాశారు. షరతులు నిజంగా నెరవేరాయని నమ్మకం ఉంటే తప్ప శిస్తు ఆపవద్దని అందులోని సారాంశం. అంటరానితనం విషయంలో ఆయన అనుమానం మరీ ఎక్కువ. వెంకటప్పయ్య ఇబ్బందిని ఊహించండి. వెనుక శిస్తు కట్టనని కూర్చున్న రైతులు, ముందు ఢిల్లీ షరతులు. గ్రామాధికారులు అప్పటికే ఉద్యోగాలు వదిలారు. పశువులు, సామాను జప్తు అవుతున్నాయి. ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత గాంధీజీ బార్డోలీలో మొత్తం ఉద్యమాన్నే నిలిపివేశారు. పెదనందిపాడులో కూడా ఉద్యమం ఆగి, రైతులు శిస్తు కట్టారు.

బయటి సమస్యతో ముడిపడిన పోరాటంలో ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం కూడా బయటికే పోతుంది. గుంటూరు రైతు విషయంలో జరిగింది ఇదేనని చెప్పవచ్చు. ఆ ముడి లేకపోతే దేశం మొత్తం దృష్టి ఒక ఫిర్కాపై పడేదే కాదన్న వాదనా ఉంది. రెండింటిలోనూ నిజం ఉంది. మొదటిదే ఎక్కువ బరువైనదని నాకు తోస్తుంది. ఎందుకంటే జప్తులో పోయిన పశువులు రైతువి.

తరువాత ఏమైంది

ఖిలాఫత్ ఆందోళన ఏమీ సాధించలేదని సాధారణంగా రాస్తారు. ఇది పూర్తిగా సరికాదు. భారత ప్రభుత్వమే సేవ్ర్ సంధిని సవరించాలని, ఇస్తాంబుల్ నుంచి మిత్రరాజ్యాల సేనలను తీసివేయాలని, థ్రేస్‌ను, స్మిర్నాను టర్కీకి తిరిగి ఇవ్వాలని లండన్‌కు తంతి పంపింది. వైస్రాయి రీడింగ్ పంపిన ఆ తంతిని మంత్రివర్గం అనుమతి లేకుండా ప్రకటించినందుకు భారత వ్యవహారాల మంత్రి మాంటేగు 1922 మార్చి 9న రాజీనామా చేయవలసి వచ్చింది. మరునాడు, మార్చి 10న గాంధీజీ అరెస్టయ్యారు. దేశంలోని ఆందోళన విదేశాంగ విధానాన్ని అంత దూరం కదిలించింది.

అయితే టర్కీ భవిష్యత్తును తేల్చింది ఆ తంతి కాదు. ముస్తఫా కెమాల్ సేనలు గ్రీకులను ఓడించాయి. 1923 జూలైలో లోజాన్ సంధి సేవ్ర్ సంధి స్థానంలో వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. వాల్తేరులో అరెస్టయిన మహమ్మద్ అలీయే ఈసారి అధ్యక్షుడు. ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు కొండా వెంకటప్పయ్య. శిస్తు ఉద్యమాన్ని నడిపి, ఆపవలసివచ్చిన మనిషీ, ఖిలాఫత్ కోసం జైలుకు వెళ్లిన మనిషీ ఒకే వేదికపై కూర్చున్నారు. తరువాత మూడు నెలలైనా గడవకముందే, 1924 మార్చి 3న, టర్కీ జాతీయ సభ ఖలీఫా పదవినే రద్దు చేసింది. రద్దు చేసింది బ్రిటిష్‌వారు కాదు, టర్కులే. ఏ దేశ ప్రజల పక్షాన వాదించామో ఆ ప్రజలకు ఆ పదవి అక్కరలేదన్న సంగతి ఇక్కడ ఎవరి లెక్కలోనూ లేకపోయింది.

దేశం విడిచి వెళ్లిన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు హైదరాబాదు నిజాం భరణం ఏర్పాటు చేశాడు. ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం పెద్దకుమారుడు ఆజం జాకిచ్చి పెళ్లి చేశారు. ఆ సంబంధం కుదర్చడంలో మహమ్మద్ అలీ అన్న షౌకత్ అలీ పాత్ర ఉంది. అదే సమయంలో నిజాం రెండో కుమారుణ్ణి పెళ్లాడిన టర్కీ రాకుమారి పేరు నీలోఫర్. గుంటూరు, ఒంగోలు వైపు నుంచి కూడా పిల్లల వైద్యానికి వెళ్లే హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రికి ఆ పేరు ఆమెదే.